రాధమ్మ అలిగిందనుకున్నాడు

“దూరం! ఆడ్నే నిలబడు! నన్ను ముట్టినవంటే మంచిగుండది!”

పెళ్లయి ఇన్నేళ్లకు భార్య నోట ఇలాంటి మాట వినాల్సి వస్తుందని బిక్షపతి కలలో కూడా అనుకోలేదు.

బాత్‌రూంలో జారిపడి రాధమ్మ తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది. దవాఖాన నుంచి ఎల్బీనగర్ ఇంటికి వాకర్‌తో వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ ఇదే వరస. కంచం వేరు, గ్లాసు వేరు, మంచం పక్క గదిలో. మొగుడు ఆ గది గుమ్మం దాటి లోపలికొస్తే చాలు, కళ్లెర్రజేస్తుంది. కొడుకు, కోడలు పొద్దున డ్యూటీకి పోతే మళ్లీ చీకటి పడ్డాకే రావడం. పగలంతా ఇంట్లో ఉండేది వీళ్లిద్దరే.

ఫిజియోథెరపీ చేయించడానికి వచ్చే సూర్యప్రభది భీమవరం. ఆ పిల్లకు చనువెక్కువ.

“తాతగారూ, నేనుండేది కాసేపే. రోజంతా పక్కనుండి నడిపించాల్సింది మీరు. మామ్మగారు ఇలా మంచానికే అతుక్కుపోతే కాళ్లలో సత్తువ పోతుంది. తర్వాత లేవమన్నా లేవలేరు.”

“నేనొద్దన్ననా బిడ్డా? నన్ను చూస్తేనే అగ్గిమీద గుగ్గిలమైతున్నది.”

“ఇంతకీ ఏం చేశారేంటి?”

చేసిందేమిటో బిక్షపతికి తెలుసు. ఆ రోజు బనియన్లు ఉతికి, సబ్బు నీళ్లు కడగకుండా బాత్‌రూంలోంచి వచ్చింది తనే. పాపం, ఆ సంగతి కడుపులో పెట్టుకుని కుమిలిపోతున్నాడు.

దిల్‌సుఖ్‌నగర్ చీరల షాపులో జీవితమంతా కస్టమర్లను బుజ్జగించిన మనిషి. సొంత భార్య దగ్గర ఆ విద్యేదీ పారలేదు. మల్లెపూలు తెచ్చాడు. “ఆడ పెట్టి పో” అంది. మిర్చి బజ్జీలు తెచ్చాడు. “అవి గూడ ఆడ్నే పెట్టు” అంది. పూలు పెట్టుకుంది, బజ్జీలు తింది, మొగుణ్ని మాత్రం రానివ్వలేదు.

ఓ సాయంత్రం బయట వాన దంచి కొడుతుంటే, సూర్యప్రభ ఎదుటే ఆయన గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“సబ్బు నాదే రాధమ్మా. నీళ్లు గొట్టకుంట ఒచ్చింది నేనే. తిట్టు, కొట్టు. గిట్ల దూరం పెట్టకు, నాకు బువ్వ పోతలేదు.”

రాధమ్మ తెల్లబోయింది. “సబ్బేంది? నువ్వు సబ్బు కాడ్నే ఉన్నవా?”

అంతే, కళ్లు తుడుచుకుంది. “ఆపరేషన్ ముంగట రక్తం చూసిండ్రు. హెపటైటిస్ సి అంట నాకు. అంటుకునే రోగమంట. నీకు చెప్పొద్దని కొడుకుతోని ఒట్టేయించుకున్న. నాకైతే అయింది, నీకు గూడ ఎందుకయ్యా?”

రాధమ్మ రోజూ వేసుకునే మాత్రలు ఎముకలకు అనుకున్నాడు ఇన్నాళ్లూ బిక్షపతి.

సూర్యప్రభ తల పట్టుకుంది. “మామ్మగారూ! ముట్టుకుంటే అంటుకునేదైతే, రోజూ మిమ్మల్ని పట్టుకుని లేపుతున్నది నేనేగా?”

“నువ్వు చదువుకున్నదానివి. ముందే ఏదో మందేసుకొని ఒస్తవనుకున్న.”

“నేనే మందూ వేసుకోలేదండీ! అది రక్తం ద్వారా వస్తుంది. బ్లేడు, టూత్‌బ్రష్ ఎవరివి వాళ్లు వాడుకోండి, చాలు. కంచం, గ్లాసు, చెయ్యి, ఏదీ వేరు పెట్టక్కర్లేదు. మాత్రలు మానకుండా పూర్తిచేస్తే దాదాపు అందరికీ తగ్గిపోతుంది. తాతగారూ, మీరూ ఒకసారి టెస్ట్ చేయించుకోండి, సరిపోతుంది.”

“మరి ఈమెకెట్ల ఒచ్చింది?”

“పాత రోజుల్లో ఒకే సూదితో అందరికీ ఇంజెక్షన్లు, పచ్చబొట్లు...”

రాధమ్మ చప్పున కొంగు ముంజేతి మీదికి లాక్కుంది. అప్పటికే బిక్షపతి చూశాడు. ఆ చేతి మీద, మసకబారిన పచ్చరంగులో, ఆయన పేరే. మొగుడి పేరు నోటితో చెప్పకూడదని, కొత్త పెళ్లికూతురు జాతరలో పొడిపించుకున్న పేరు. పోదాం పదమని ఆమెను ఆ జాతరకు తీసుకుపోయింది బిక్షపతే.

“అంటే... నా పేరేనా?”

“గందుకే డాక్టరు అడిగితే పచ్చబొట్టు లేదన్న. నీ మీదికి మాట రావద్దని.”

“అదే కారణమని ఇప్పుడెవరూ చెప్పలేరండీ,” అంది సూర్యప్రభ. ఆ మాట వినే స్థితిలో వాళ్లిద్దరూ లేరు. బిక్షపతికి ఏడుపు ఆగలేదు. తనను మాట పడనివ్వకూడదని డాక్టరుకే అబద్ధం చెప్పిన మనిషిని అలిగిందనుకున్నాడు.

రాధమ్మే వాకర్ పట్టుకుని లేచింది. ఓ అడుగు వేసి, ఆయాసపడి, మొగుడి వైపు చెయ్యి చాచింది.

“చూస్తవేంది? ఒచ్చి పట్టుకో, బిక్షపతీ!”

భార్య నోట తన పేరు వినడం ఆయనకదే మొదటిసారి. సంబరంతో ఆయన కాళ్లు తడబడ్డాయి. చివరికి ఆ చెయ్యి పట్టుకుని నిలదొక్కుకున్నది బిక్షపతే.