ఆరని బట్టలు, ఊపిరాడని భూతం

ఏడాదిలో పది నెలలు వాన కురిసే చిత్తడిపురంలో ఎండను నమ్ముకున్నవాళ్లు లేరు. ఊరి బట్టలన్నీ ఆవిరికొండ గుహలోనే ఆరేవి. పూర్వం ఒక మహాముని మంత్రంతో కట్టేసిన జ్వాలాముఖుడనే భూతం అక్కడ కట్టెలు మేస్తూ వేడిగాలి ఊదేది. జాములో ఆరే బట్టలు ఈ ఏడాది మూడు రోజులైనా ఆరడం లేదు. చంటిపిల్లలు తడి పొత్తిళ్లలో దగ్గుతున్నారు.

రాజు గుహ కాపరి సోమన్నను పిలిపించి, "రేపు పొద్దు గుంకేలోగా బట్టలు ఆరకపోతే రాజ్యం విడిచిపో!" అన్నాడు.

సోమన్న కూతురు కువలయకు కాలు నిలవలేదు. తెల్లవారగానే గుహకు పరుగెత్తింది.

"ఏం తాతా, బద్ధకమా?"

"బద్ధకమా!" భూతం బుసకొట్టింది. "మీ నాన్న రెండింతలు కట్టెలు తినిపిస్తున్నాడు. ఊదిందంతా తిరిగి నా మొహానికే కొడుతోంది పిల్లా!"

కువలయ ఒక పంచె పట్టుకుంది. చెయ్యి చురుక్కుమంది, పంచె మాత్రం తడిగానే ఉంది. వేడికి కొదవ లేదన్నమాట. దండేలు చూస్తే సగం ఖాళీ. బట్టలు కుక్కిందీ లేదు. వచ్చిన సరుకు కదలకపోతే కొట్టులో ముక్కిపోతుంది. ఇక్కడ తడి గాలికీ అదే గతి పట్టింది. ఆవిరి బయటికి పోయే బిలం కొండ కొమ్మున ఉంది.

జారే రాళ్లు పట్టుకుని ఎక్కుతుంటే సగం దారిలో ఒక ముని అడ్డొచ్చాడు.

"పైన గండభేరుండం ఉందమ్మా. వెళ్లినవాడు తిరిగి రాలేదు."

"స్వామీ, మీ కాషాయం ఎన్నాళ్లుగా తడి?"

"పక్షం రోజులు."

"నేను తిరిగొస్తే సాయంత్రానికి ఆరుతుంది. మీ దండం ఇప్పించండి."

ముని వెంటనే దండం అందించాడు.

బిలం నిండా బట్టల నుంచి ఏళ్లుగా రాలిన నూగు. దానిమీదే రెండు తలల పక్షి గూడు. కువలయ ఓణీ నుంచి ఒక పోగు లాగి బిలం అంచున పట్టింది. పోగు కదల్లేదు, గాలి పైకి రావడం లేదు.

"తినేద్దామా?" అంది కుడి తల.

"నీకెప్పుడూ తిండి గోలే! గుడ్డు చల్లబడుతోంది, అది చూడు," అంది ఎడమ తల.

కువలయ ఆ మాట అందుకుంది. "కింద నూగు తడిసి ముద్దయింది. గూడు పక్కకు జరిపితే వేడిగాలి గుడ్డుకు తగులుతుంది. సాయంత్రానికి గుడ్డు వెచ్చబడకపోతే నన్ను తినండి."

తలలు రెండూ ఒకదాన్నొకటి చూసుకున్నాయి. గూడు జరిగింది.

కువలయ తవ్వుతూనే ఉంది. పొద్దు వాలుతోంది. చేతులు బొబ్బలెక్కాయి. దండం చివరికి లోపలికి దిగబడగానే కింద భూతం పెద్దగా తుమ్మింది. నూగంతా మబ్బులా ఎగిరిపోయింది. దాని వెనకే తడి గాలి ఈలవేస్తూ లేచింది.

పొద్దు కొండను తాకేసరికి గుహలో బట్టలు పెళపెళలాడుతున్నాయి. గుహకొచ్చిన రాజు తన తలపాగా తానే తడిమి చూసుకుని కువలయ వైపు తిరిగాడు.

"సోమన్న ఎక్కడికీ పోనక్కర్లేదు. నిన్ను గుహాధికారిని చేస్తున్నాను. ఇంకేం కావాలమ్మా?"

"నెలకోసారి ఎవరో ఒకరు కొండెక్కి నూగు తీయాలి మహారాజా. మొదటి వంతు తమరిది."

నెల తిరిగాక రాజు కొండెక్కాడు. గడ్డం నిండా నూగుతో, రెండు తలల పక్షిపిల్ల పొడిచిన వేళ్లతో దిగొచ్చాడు. ఆనాటి నుంచి ఆయన ఎవరినీ రాజ్యం విడిచిపొమ్మనలేదు.