నవ్వితే మంచి రాయి

"సార్, ఇవి ఉద్యోగాలా, మందుల పేర్లా?"

వెనక బెంచీ నుంచి ఆ మాట రావడమే ఆలస్యం, పదో తరగతి గది మొత్తం గొల్లున నవ్వింది. తెర మీద ఇంగ్లీషులో బారెడు ఉద్యోగాల పేర్లు చూపిస్తున్న తిమోతి తలెత్తి వెనక బెంచీ వైపు చూశాడు.

పిల్లలెవరైనా అడిగి ఉంటే ఎలాగో సర్దుకునేవాడు. అడిగింది లెక్కల టీచర్ ఫెబా. ఆళ్లగడ్డలోని ఆ ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెప్పడంతో పాటు, పదో తరగతి తర్వాత ఏం చదవాలి, ఏ ఉద్యోగాలున్నాయి అని పిల్లలకు చెప్పించే పని కూడా హెడ్‌మిస్ట్రెస్ జానకమ్మ ఆమె నెత్తినే పెట్టింది. తిమోతి బెంగుళూరు కంపెనీ ఒకదానికి నంద్యాలలో ఇంటి నుంచే ఏఐ పని చేస్తాడు. శనివారాలు వచ్చి పిల్లలకు ఏఐ ఉద్యోగాల గురించి చెబుతానని తనే ఫోన్ చేశాడు. పాపం, మంచివాడే. కానీ అరగంట నుంచి అతను చెబుతున్నది ఒక్క బుర్రకూ ఎక్కడం లేదని పిల్లల ముఖాలు చూస్తేనే తెలుస్తోంది.

"అయితే మీరే చెప్పండి మేడమ్, ఎట్ల చెప్పల్లనో," అన్నాడు తిమోతి. కోపం దాచుకుందామనుకున్నాడు గానీ ఎర్రబడిన చెవులు పట్టిచ్చేశాయి.

"ఆ పేర్లు పక్కన పెట్టండి సార్. ఈ పిల్లోల్లకు ఏం తెలుసో ఆడ నుంచి మొదలుపెట్టండి."

తిమోతి లాప్‌టాప్ మూసి బల్ల అంచు మీద కూర్చున్నాడు. "సరే. మీ ఇండ్లల్లో ఎవరెవరు ఏం పని చేస్తారో చెప్పండి."

లెక్కల్లో ఎప్పుడూ వెనకబడే వినీత లేచింది.

"మా నాయన రాయి కొట్టి వింటాడు సార్."

"రాయిని వింటాడా?"

"ఊ. విగ్రహం చెక్కేదానికి ముందర సుత్తితో కొట్టి వింటాడు. మంచి రాయి గంట మాదిరి మోగుతాది. లోపల చీలికుంటే చప్పగా పలుకుతాది. తెలీక చెక్కితే సగంలో పగులుతాది సార్, పనంతా పాయ గదా."

తిమోతి ముఖం వెలిగిపోయింది. "ఆ వినేది మనం కంప్యూటర్‌కు నేర్పిస్తే? మంచి రాళ్ల శబ్దాలు, చీలిక రాళ్ల శబ్దాలు వేరువేరుగా వినిపిస్తాం. రేపు కొత్త రాయి కొడితే అది ఏ రకమో అదే చెప్తాది. శబ్దాలు తెచ్చేవాళ్లు కావల్ల, విని ఏది ఏదో చెప్పేవాళ్లు కావల్ల, లెక్కలు కట్టేవాళ్లు కావల్ల. ఇందాక నేను చూపించిన పేర్లన్నీ ఈ పనులవే."

"ఇప్పుడు అర్థమైంది సార్," అంది వినీత.

"నాక్కూడా," అంది ఫెబా వెనక నుంచి.

ఈసారి తిమోతి నవ్వాడు. ఆ నవ్వు బాగుందని ఫెబా ఒప్పుకోలేదు గానీ, ఇల్లు చేరేదాకా దాన్ని మర్చిపోనూ లేదు.

*

రెండు మూడు వారాలకు ఇంట్లో ఆమెకు ఇంకో పరీక్ష మొదలైంది. తల్లి లూదియా చాగలమర్రి సంబంధం ఒకటి పట్టుకొచ్చింది.

"ఏమే, వాళ్లు వచ్చే నెల్లో ఒక శనివారం చూసేదానికి వస్తామంటాండారు. ఏం చెప్పల్ల?"

"అంత బేగా ఏమ్మా?"

"ఇది బేగనా? నీతో చదివినోళ్లకు పిల్లోల్లు బడికి పోతాండారు. ఆ పిల్లోనిది గవర్నమెంటు ఉద్యోగం, ఎవురూ పీకలేరు. పేపర్లో చూడు, ఆ ఏఐ వచ్చి ఉద్యోగాలన్నీ మింగేస్తాందంట."

"పిల్లను ఊపిరి తీసుకోనీ లూదియా," అన్నాడు తండ్రి మత్తయి. బడిపంతులుగా రిటైరైన ఆయన, ఇంట్లో ఏ గొడవ వచ్చినా పేపరు వెనక నుంచే తీర్పు చెబుతాడు.

ఫెబా సరే అనలేదు, వద్దనీ అనలేదు. వద్దంటే కారణం చెప్పాలి కదా. తను ఎవరి కోసం శనివారాలు లెక్కపెట్టుకుంటోందో ఆ మనిషికే తెలియదు. తన ఒక్కదాని ఆశను నమ్ముకుని, బంగారంలాంటి సంబంధాన్ని ఏ ముఖం పెట్టుకుని కాదంటుంది?

*

వినీత తండ్రి శ్రీనివాసులు తన రాళ్ల షెడ్డును శనివారాలు పిల్లలకు అప్పగించాడు. సైన్స్ ఎగ్జిబిషన్‌లో చూపిద్దామని ముందు మంచి రాళ్లతో మొదలుపెట్టారు. పిల్లలు సుత్తితో కొడతారు, తిమోతి ఫోన్‌లో రికార్డు చేస్తాడు, ఫెబా అందరినీ అదిలిస్తుంది.

"గమ్మునుండండి!" అని తిమోతి చెయ్యెత్తుతాడు. సరిగ్గా అప్పుడే ఎవరో తుమ్ముతారు. ఫెబా కిసుక్కున నవ్వుతుంది.

"మేడమ్, మీ నవ్వు రికార్డింగ్‌లో పడతాంది."

"పడితే పడనీండి. రాయికేమన్నా నొప్పా?"

"రాయికి కాదులేండి," అని తిమోతి ఫోన్‌లోకి తలదూర్చేసేవాడు. ఇంకెవరికి నొప్పో చెప్పేవాడు కాదు.

ఒక శనివారం ఉన్నట్టుండి వాన దిగింది. రేకుల షెడ్డు మీద వాన పడితే ఎవరి మాట వాళ్లకే వినపడదు. పిల్లలంతా లోపలికి పరుగెత్తారు. వీళ్లిద్దరూ చూరు కింద చెరో పక్కన నిలబడ్డారు. జల్లు కొడుతుంటే ఫెబా కొంచెం ఇటు జరిగింది. తన వైపు జల్లే లేకపోయినా తిమోతి కూడా ఇటే జరిగాడు.

"ఇంక ఈపొద్దు పని కాదు సార్."

"కాకపోతే ఏమైంది? వచ్చే శనివారం చేద్దాం."

"వచ్చే శనివారం నేను రాను."

"ఎందుకు?"

పెళ్లిచూపులని చెప్పడానికి ఫెబాకు నోరు రాలేదు. "ఇంట్లో పనుంది," అంది.

"అట్లనా," అన్నాడు తిమోతి. అంతే, మళ్లీ వాన వైపు తిరిగాడు. ఏం పని అని ఇంకొక్క మాట అడిగితే ఈయన సొమ్మేం పోయింది అని ఫెబాకు ఒళ్లు మండింది.

ఆ శనివారం చాగలమర్రి వాళ్లు వచ్చారు, కాఫీలు తాగారు, పిల్ల నచ్చిందని చెప్పి వెళ్లారు. "సైన్స్ ఎగ్జిబిషన్ అయినాక నా మాట చెప్తా," అని ఫెబా తల్లిని బతిమాలుకుంది. అదే రోజు షెడ్డులో తిమోతి, పిల్లలు కలిసి చీలిక రాళ్లన్నిటినీ రికార్డు చేసేశారు.

*

ఎగ్జిబిషన్ నంద్యాలలో పెట్టారు. బల్ల మీద రెండు రాళ్లు, ఒక సుత్తి, లాప్‌టాప్. వినీత జడ సవరించుకుని మంచి రాయిని కొట్టింది. తెర మీద "మంచి రాయి" అని వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఫెబా సంబరంగా నవ్వింది.

ఆ నవ్వు ఆగకముందే వినీత చీలిక రాయిని కొట్టింది. "మంచి రాయి."

ఇంకోసారి కొట్టింది. "మంచి రాయి."

బహుమతులు తేల్చడానికి వచ్చిన రిటైర్డ్ లెక్చరర్ రామేశ్వరమ్మ తన కళ్లద్దాల డబ్బాతో బల్ల మీద టకటక కొట్టి చూసింది. దానికీ "మంచి రాయి" అనే వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. కంగారు పుడితే ఫెబాకు నవ్వు ఆగదు. అది ఆమె చేతిలో లేదు. ఆమె నవ్విన కొద్దీ లాప్‌టాప్ అన్నిటినీ మంచి రాళ్లనే అంది.

వినీత కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "నేను ముందే చెప్పినా మేడమ్, ఇది లెక్కలు రాని నాలాంటోళ్లకు రాదని."

తిమోతి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. "ఇది తప్పు చెప్పినప్పుడే తల్లీ, అసలు ఉద్యోగం మొదలయ్యేది. ఎందుకు తప్పు చెప్పిందో కనుక్కునేదానికే కంపెనీలు మనుషులను పెట్టుకుంటాయి. రా, మనం రికార్డు చేసిందంతా మళ్లీ విందాం."

రామేశ్వరమ్మ మధ్యాహ్నం దాకా సమయమిచ్చింది. అందరూ వరండాలో లాప్‌టాప్ చుట్టూ కూర్చున్నారు. జానకమ్మ కూడా కుర్చీ తెప్పించుకుంది. వినీత ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని ఒక్కొక్కటే వింది. చాలాసేపు విన్నాక కళ్లు తెరిచింది.

"మేడమ్, మంచి రాళ్లన్నిట్లోనూ మీరుండారు."

"నేనా?"

"మీ నవ్వు ఉండాది మేడమ్. చీలిక రాళ్లల్లో యాడా లేదు. ఇది రాయిని వినలేదు, మిమ్మల్ని వినింది. మీరు నవ్వితే మంచి రాయి అనుకుంటాంది."

తిమోతి ఎగిరి గంతేశాడు. "భలే పట్టినావ్! లెక్కలు వస్తేనే ఈ పని అని ఎవరన్నారు? ఇట్ల వినేవాళ్లు దొరకడమే కష్టం!"

"మరి చీలిక రాళ్లల్లో ఏముందో అది కూడా అందరం విందాం," అంది ఫెబా.

తిమోతి గంతు సగంలోనే ఆగిపోయింది. "అవి... అవసరం లేదులేండి మేడమ్."

"ఎట్ల అవసరం లేదు? రెండు పక్కలా చూడల్ల అని మీరే గదా చెప్పినారు."

వినీత అప్పటికే ఇయర్‌ఫోన్లు పీకి నొక్కేసింది. లాప్‌టాప్‌లోంచి తిమోతి గొంతు వచ్చింది. "మీ మేడమ్ రాలేదా?"

"మేడమ్‌కు ఈపొద్దు పెళ్లిచూపులు సార్," అంది ఓ పిల్ల గొంతు.

"సార్, కొట్టాల్నా?"

"ఊ... కొట్టు." చప్పగా ఒక దెబ్బ.

"ఇంకొకటి సార్?"

"కొట్టమ్మా. ఏదైనా ఒకటే." దాని వెనకే పెద్ద నిట్టూర్పు. "ఆ పిల్లోడు... ఏం చేస్తాడంట?"

"గవర్నమెంటు ఉద్యోగమంట సార్."

ఇంకో నిట్టూర్పు. పిల్లలు ఒకరినొకరు గిల్లుకున్నారు. జానకమ్మ కుర్చీలోంచి లేచింది. "పిల్లలూ, రాండి, నీళ్లు తాగొద్దాం," అని దప్పిక ఉన్నవాళ్లనూ లేనివాళ్లనూ అందరినీ తోలుకుపోయింది.

వరండాలో ఇద్దరే మిగిలారు. తిమోతి నేల వైపు చూస్తున్నాడు.

"ఆరోజు వానలో ఇంకొక్క మాట అడగలేదేం?" అంది ఫెబా.

"అడిగి ఏం చెప్పల్ల మేడమ్? పోయిన నెల మా టీంలో సగం మందిని తీసేసినారు. నన్నుంచినారు. రేపు ఉంచుతారో లేదో తెల్దు. అట్లాంటోడు మిమ్మల్ని ఏమని అడగల్ల?"

ఫెబా మనసు చివుక్కుమంది. ప్రతి శనివారం పిల్లలకు ధైర్యం నూరిపోసిన మనిషి కడుపులో ఇంత భయం పెట్టుకున్నాడని ఆమెకు తెలియదు.

"మరి పిల్లోల్లను ఈ పని నేర్చుకోండని ఎట్ల చెప్తాండారు?"

"వాళ్లకు అబద్ధం చెప్పలేదు మేడమ్. ఉద్యోగాలు మారతానే ఉంటాయి. నేర్చుకోవడం తెలిసినోళ్లు ఇంకోటి పట్టుకుంటారు. అది నేను నమ్ముతా. నా విషయం వచ్చేసరికే ధైర్యం చాల్లేదు."

"అవన్నీ తర్వాత. నేనంటే ఇష్టమా, కాదా?"

"ఇష్టం," అన్నాడు తిమోతి. అని, తనే అన్నానా అన్నట్టు తలెత్తి చూశాడు. "చానా ఇష్టం."

"అయితే ఆదివారం మీ అమ్మను తోడుకొని మా ఇంటికి రాండి. మా అమ్మకు జవాబు చెప్పల్ల."

మధ్యాహ్నం వినీత ఏ తప్పు జరిగిందో, ఎందుకు జరిగిందో రామేశ్వరమ్మకు దాచకుండా చెప్పింది. సార్ నిట్టూర్పుల సంగతి మాత్రం చెప్పలేదు. బహుమతి రాలేదు గానీ, "ఇంటర్‌లో ఏం తీసుకుంటావ్?" అని రామేశ్వరమ్మ ఆగి మరీ అడిగింది.

"ఇంకా చూస్తాండా మేడమ్," అంది వినీత. "నాకు వచ్చేటివి కూడా చానా ఉండాయి."

*

ఆదివారం ఆరాధన అయ్యాక తిమోతి తల్లి దేవమ్మతో కలిసి వచ్చాడు. మత్తయి మర్యాదగా కూర్చోబెట్టాడు. లూదియా కాఫీ ఇచ్చి, కుర్చీ ఎదురుగా లాక్కుని కూర్చుంది.

"ఏమప్పా, నీ ఉద్యోగం ఆ ఏఐ మింగేస్తే ఏం చేస్తావ్?"

"మింగొచ్చమ్మా," అన్నాడు తిమోతి. దేవమ్మ కొడుకును గిల్లింది. అయినా అతను ఆగలేదు. "మింగదని అబద్ధం చెప్పలేను. మింగితే ఇంకో పని నేర్చుకుంటా."

"నేర్చుకునేదాకా?"

తిమోతి చేతిలోని కాఫీ గ్లాసు వైపు చూశాడు. ఫెబా వంటింటి గడప దాటి ముందుకొచ్చింది.

"నేర్చుకునేదాకా నేనుండా గదమ్మా. ఇంట్లో ఒక గవర్నమెంటు ఉద్యోగం ఉండల్లంటావ్. ఉండాది. అది నాది."

కూతురు డీఎస్సీ రాసి ఉద్యోగం తెచ్చుకున్న రోజు వీధంతా మిఠాయి పంచింది లూదియానే.

"చాగలమర్రి పిల్లోడు మంచోడే," అంది ఫెబా, ఈసారి మెల్లగా. "కానీ నాకు ఈయన కావల్లమ్మా."

"వాళ్లకు నేను నచ్చజెప్తాలే," అన్నాడు మత్తయి. ఆ రోజు ఆయన చేతిలో పేపరు లేదు. "అందరూ కండ్లు మూసుకోండి, ప్రార్థన చేద్దాం."

మత్తయి ప్రార్థన ఎత్తుకున్నాడంటే వానలు, పంటలు, బడిపిల్లలు, రోగులు, ప్రయాణంలో ఉన్నవాళ్లు అందరూ అందులోకి రావలసిందే. లూదియా మాత్రం ఇంతవరకూ అవుననలేదు, కాదనలేదు. ఫెబా ఉండబట్టలేక ఒక కన్ను తెరిచింది. ఎదురుగా తిమోతి రెండు కళ్లూ తెరిచి ఆమెనే చూస్తున్నాడు.

"కండ్లు మూసుకో అల్లుడా," అంది లూదియా.

మత్తయి ప్రయాణికులను దారిలోనే వదిలేసి, అక్కడికక్కడే ఆమెన్ అన్నాడు.