ముక్కు గోడకి పెట్టిన కారు

కాఫీ కప్పు మూత తీస్తూ తీస్తూనే చనిపోయాడు ట్రెంట్ మాబ్రీ.

నార్‌ఫోక్‌లో ఒక సూపర్‌మార్కెట్ ముందు, మార్చి వానలో, పట్టపగలు. సైలెన్సర్ బిగించిన తుపాకీ. పక్క కారులో పిల్లలకి బెల్టులు పెడుతున్న తల్లికి కూడా ఏమీ వినపడలేదు. మాబ్రీ మెరీన్స్ సైనిక దళంలో ఏళ్ల తరబడి చేసి, దర్యాప్తు సంస్థ ఫెడరల్ బ్యూరోలో స్పెషల్ ఏజెంట్ అయినవాడు. ఒంటి మీద ప్లంబర్ దుస్తులు, కారు మీద ప్లంబింగ్ కంపెనీ స్టిక్కరు. వేషంలో వంక పెట్టడానికి లేదు. అయినా హంతకుడు పార్కింగ్ లాట్ నిండా ఉన్న కార్లను వదిలేసి, గీత గీసినట్టు అతని దగ్గరికే నడిచి వచ్చాడు.

ఆ చలికాలంలో అలా పోయిన ఏజెంట్లలో అతను మూడోవాడు.

అదే మధ్యాహ్నం, బ్యూరో శిక్షణ అకాడమీ డ్రైవింగ్ మైదానంలో రస్సెల్ హాప్‌గుడ్ కారుని వెనక్కి నడుపుతూ నారింజ రంగు కోన్లను వరసగా పడగొడుతున్నాడు.

చివరి కోను చక్రం కింద నలిగింది. ఇన్‌స్ట్రక్టర్ ఓటిస్ మెక్రీడీ గొడుగు కూడా లేకుండా వానలో నడిచి వచ్చి, కిటికీ మీద వేలితో కొట్టాడు. సైన్యంలో సార్జెంటుగా రిటైరైన మనిషి. మెడ ఎక్కడ మొదలవుతుందో తెలియదు.

"మాస్టారూ, మీ బ్యాండులో ట్రాంబోన్ కుర్రాళ్లు కూడా వెనక్కి ఇంతకంటే బాగా నడిచేవాళ్లేమో."

హాప్‌గుడ్ ఇంజను ఆపాడు. యాక్రన్‌లో ఒక మిడిల్ స్కూల్లో బ్యాండ్ మాస్టరుగా పనిచేశాడు. పోలీసు లాఠీ గానీ, సైనికుడి తుపాకీ గానీ ఎప్పుడూ పట్టుకోలేదు. బ్యూరో అలాంటివాళ్లను కూడా తీసుకుంటామనే చెబుతుంది. డిగ్రీ ఉంటే చాలు, ఉద్యోగానుభవం ఉంటే చాలు, ఏ వృత్తివాళ్లయినా రండి అంటుంది. వచ్చాక తెలుస్తుంది సంగతి. పొద్దున బూట్ల తాడు కట్టుకునే తీరు దగ్గర్నుంచి ప్రతిదీ పోలీసు, సైన్యం వైపు నుంచి వచ్చినవాళ్లకే ముందే తెలిసి ఉంటుంది. పరుగులో గట్టెక్కాడు, కాల్పుల్లో గట్టెక్కాడు, చట్టం పేపర్లో అందరికంటే ముందు నిలిచాడు. కారు వెనక్కి నడపడం దగ్గర మాత్రం రెండుసార్లు తప్పాడు. మూడో అవకాశం లేదు.

ముప్పై ఏడు నిండితే ఈ ఉద్యోగానికి తలుపు మూత. సైన్యంలో చేసి వచ్చినవాళ్లకు సడలింపు ఉంది. ట్రాంబోన్ నేర్పినవాళ్లకు లేదు. హాప్‌గుడ్ పుట్టినరోజు ఆ వచ్చే శుక్రవారం. స్కూల్లో అతని చోటికి వేరే మనిషి వచ్చాడు. ఇల్లు అమ్మేశాడు. వెనక్కి వెళ్లడానికి వెనక ఏమీ మిగల్లేదు, కారుతో అయినా, బతుకుతో అయినా.

అతను బట్టలు సర్దుకుంటుండగా కబురొచ్చింది, లొరైన్ వికరీ పిలుస్తోందని.

వికరీ గూఢచర్య నిరోధక విభాగానికి పెద్ద. గదిలో మెక్రీడీ కూడా ఉన్నాడు, తడి బట్టలతో, గోడకి వీపు ఆనించి. ఆమె కూర్చోమనలేదు. నౌకాస్థావరం చుట్టూ పెలికన్ అనే విదేశీ ముఠా పనిచేస్తోందని, జలాంతర్గాముల చప్పుళ్లు రికార్డు చేసి దాటిస్తోందని చెప్పింది. వాళ్ల ఇంజనీరు ఇల్యాన్ డ్రోబెత్ ముఠాని వదిలి ఇటు దూకాడు. నార్‌ఫోక్‌లో ఒక మోటెల్లో దాక్కున్నాడు. ముఠా నాయకుడి ముఖం తెలిసినవాడు అతనొక్కడే. వాణ్ణి కాపాడటానికి వెళ్లిన ముగ్గురూ పోయారు.

"ఎలా కనిపెడుతున్నారో డ్రోబెత్ ఫోన్లో చెప్పాడు. మనవాళ్లు కారుని వెనక్కి పెట్టి ఆపుతారట. ముక్కు బయటికి. తొందరగా పారిపోవడానికి పోలీసులకీ సైనికులకీ మొదటిరోజే నేర్పుతారు కదా. పెలికన్ కాపలావాళ్లు మనుషుల్ని చూడరు, కార్ల ముక్కులు చూస్తారు."

"మరి మనవాళ్లకి చెప్పలేదా మేడమ్?"

"చెప్పాను. మాబ్రీకి నిన్న నేనే చెప్పాను. తల ఊపాడు. ఈ రోజు కారు ఎలా పెట్టాడో ఫొటోలో చూశాను." ఆమె ఆ ఫొటోని బల్ల మీద బోర్లా పెట్టింది. "అది వాళ్ల ఒంట్లో ఉంది హాప్‌గుడ్. మాటతో పోయేది కాదు. అది లేనివాడు ఈ అకాడమీ మొత్తంలో నువ్వొక్కడివే."

మెక్రీడీ కిటికీలోంచి బయటికి చూశాడు.

ఒప్పందం రెండు ముక్కల్లో తేలింది. డ్రోబెత్‌ని తీసుకెళ్లడానికి వచ్చే రిలీఫ్ ఏజెంటు చేతికి ప్రాణాలతో అప్పగిస్తే హాప్‌గుడ్‌కి మూడో టెస్టు. లేకపోతే యాక్రన్ బస్సు.

మర్నాడు ఆ మోటెల్లో బ్యాండ్ మాస్టర్ల వార్షిక సభ. అందుకే అతను ఏ వేషమూ వేసుకోలేదు. పాత గళ్ల కోటు, ట్రాంబోన్ పెట్టె, అంతే. ట్రాంబోన్ ఊదే మొన లోపల ట్రాన్స్‌మిటర్ పెట్టి ఇచ్చారు. అవతలి రోడ్డులో, డోనట్ కొట్టు దగ్గర, మెక్రీడీ కారులో వింటుంటాడు. మోటెల్ వెనక లాట్ అక్కడికి కనపడదు. హాప్‌గుడ్ తన కారుని ఎప్పటిలాగే ముక్కు గోడకి ఆనించి ఆపాడు. ఎవరూ అతని వైపు చూడలేదు. జన్మలో మొదటిసారి, ఎవరూ తనను లెక్కచేయకపోవడం అతనికి ఉపకారం చేసింది.

డ్రోబెత్ పై అంతస్తు గదిలో మంచానికీ గోడకీ మధ్య నేల మీద కూర్చుని ఉన్నాడు. బక్కపలచని మనిషి. నిద్ర లేక కళ్లు గుంటలు పడ్డాయి. హాప్‌గుడ్ తెచ్చిన, వేడి రొట్టెల్లాంటి బిస్కెట్లూ గ్రేవీ ముందు పెట్టుకుని, తినకుండా వాటినే చూస్తున్నాడు. పక్క హాల్లో ఎవరో ట్యూబా శ్రుతి చేసుకుంటుంటే, ప్రతి బొంయ్ శబ్దానికీ ఉలిక్కిపడుతున్నాడు.

"నువ్వు నిజంగా పోలీసువేనా?" అని అడిగాడు చివరికి.

"ఇంకా కాదు."

"దేవుడా," అని మోకాళ్ల మీద తల పెట్టుకున్నాడు డ్రోబెత్.

రిలీఫ్ కారు వచ్చేసరికి వాన జోరందుకుంది. హాప్‌గుడ్ తెర పక్కకి తప్పించి చూశాడు. బూడిదరంగు కారు లాట్లోకి తిరిగి, ఆగకుండా, ఒక్క ఊపులో అతని కారు పక్కకే వచ్చి ముక్కు గోడకి పెట్టింది. ఎందుకో ఆ దృశ్యం అతనికి నచ్చింది. నాలాంటి ప్రాణి ఇంకోటి అనుకున్నాడు.

తలుపు తట్టిన ఆడమనిషికి అలాంటి మోటెల్ మెట్లు ఎక్కాల్సిన అవసరం ఉన్నట్టు కనపడదు. పొడుగాటి మనిషి, తేనె రంగు కోటు, వానలో కూడా చెదరని జుట్టు. స్పెషల్ ఏజెంట్ కోలెట్ రావెనెల్.

"ట్రాంబోన్‌కి నూనె ఎవరు పోశారు?" అని సంకేత ప్రశ్న వేశాడు హాప్‌గుడ్.

"వాన పోసింది." జవాబు అక్షరం తప్పలేదు. బ్యాడ్జి అసలుదే. అతని కోటు చూసి నవ్వింది. "వికరీ స్కూలు మాస్టర్ని పంపిందంటే నమ్మలేదు. పదేళ్లు ఆర్మీలో సార్జెంటుగా చేసి, ఆ తర్వాత నాకీ బ్యాడ్జి దొరికింది. మీకు సంగీతంతో దొరుకుతోందా? బాగుంది మాస్టారూ, బాగుంది."

అతనికి చెంపలు వేడెక్కాయి. ఆమె డ్రోబెత్‌ని భుజం పట్టి లేపింది. వాడు గుమ్మం దగ్గర ఒక్కసారి వెనక్కి చూశాడు, కబేళా లారీ ఎక్కించిన దూడలా. అడుగుల చప్పుడు మెట్లు దిగిపోయింది.

పని అయిపోయింది. అప్పగించాడు. మూడో టెస్టు వచ్చినట్టే.

హాప్‌గుడ్ మంచం మీద కూలబడ్డాడు. పదేళ్లు ఆర్మీలో చేశాననే ఆమె మాట ముల్లులా గుచ్చుకుంటోంది. మళ్లీ పదేళ్ల ఆర్మీ. ఎక్కడికెళ్లినా అదే.

పదేళ్లు ఆర్మీలో చేసి, కారుని నాలా పెట్టింది.

అతను లేచి నిలబడ్డాడు. వికరీ హెచ్చరించింది కాబట్టి అలా పెట్టిందేమో. కానీ మాబ్రీనీ హెచ్చరించింది, ప్రాణం మీదికి వస్తుందని తెలిసీ అతని చేతులు మాట వినలేదు. ఈమె చేతులు తడుముకోలేదు, ఒక్క ఊపులో వచ్చి ఆగింది. కారుని అలా ఆపేవాళ్లు రెండు రకాలే. ఏ శిక్షణా లేని నాలాంటివాళ్లు. శిక్షణ ఉన్నవాళ్లలా కనపడకూడదని శిక్షణ పొందినవాళ్లు. తమ హంతకుల తుపాకీకే దొరక్కూడదని పెలికన్ తన మనుషులందరికీ నేర్పే మొదటి పాఠం అదే అయి ఉంటుంది.

ట్రాంబోన్ మొన నోటి దగ్గర పెట్టుకుని మెక్రీడీని పిలిచాడు. బరబర శబ్దం. మళ్లీ పిలిచాడు. ఆ ఖరీదైన పరికరంలోకి వాన నీరు దిగింది.

ఇక అడగడానికి ఎవరూ లేరు. తన ఊహ తప్పయితే ఒక సీనియర్ ఏజెంటు మీదికి కారు తోలిన పిచ్చివాడవుతాడు, బ్యాడ్జి జన్మలో రాదు. ఒప్పయి ఊరుకుంటే, ఆ దూడ కళ్ల మనిషి ఊరి చివర వంతెన దాటకుండానే శవమవుతాడు. హాప్‌గుడ్‌కి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ట్రాంబోన్ పెట్టె పట్టుకుని మెట్లు దూకాడు.

లాట్లోకి వచ్చేసరికి డ్రోబెత్ వెనక సీట్లో ఉన్నాడు. ఆమె కారు ఇంజను స్టార్టయింది. ముక్కు గోడకి ఉంది కాబట్టి ఆమె వెనక్కే రావాలి. తెల్లని రివర్స్ లైట్లు వెలిగాయి. హాప్‌గుడ్ తన కారులో పడ్డాడు, గేరు వెనక్కి వేశాడు, అద్దం చూడలేదు, చూసినా అతనికి అద్దంలో ఎడమేదో కుడేదో ఎప్పుడూ తెలిసింది లేదు. యాక్సిలరేటర్ నొక్కాడు.

కారు వంకరగా దూసుకెళ్లి చెత్త డంప్‌స్టర్‌ని గుద్ది, గిరుక్కున తిరిగి, ఒక దీపస్తంభాన్ని వంచి, ఆమె కారు తోకకి అడ్డంగా పడి ఆగింది. మరుక్షణం ఆమె బంపరు అతని కారు వెనక తలుపులోకి దిగబడింది. ముందు గోడ, వెనక హాప్‌గుడ్. బూడిదరంగు కారు కదలడానికి జానెడు చోటు లేదు.

అతను మోచేత్తో హారన్ నొక్కి పట్టి, తల కిందికి దించుకున్నాడు. కిటికీ అద్దం భళ్లున పగిలి ఒళ్లో పడింది. రెండో గుండు ట్రాంబోన్ పెట్టెలో దిగింది. కోలెట్ కారు దిగి తాపీగా నడిచి వస్తోంది. ఆ తేనె రంగు కోటు ఇప్పుడు తడిసింది. ముఖం మీద కోపం కూడా లేదు.

"చేయి తీయండి మాస్టారూ. చెవులు పోతున్నాయి."

అతను తీయలేదు. మోచేతిని ఇంకా గట్టిగా నొక్కాడు. తుపాకీ మొన అతని చెంపకి ఆనింది. ఉక్కు ఇంకా వేడిగా ఉంది.

సరిగ్గా అప్పుడు లాట్ గేటు దగ్గర టైర్లు కీచుమన్నాయి. మెక్రీడీ తన కారుని డోనట్ కొట్టు దగ్గర ముక్కు బయటికి పెట్టి ఆపుకున్నాడు. హారన్ వినగానే గేరు మార్చే పని కూడా లేకుండా సూటిగా వచ్చేశాడు. ఆమె తల తిప్పిన ఆ ఒక్క రెప్పపాటులో హాప్‌గుడ్ తన పక్క తలుపుని రెండు కాళ్లతో తన్నాడు. అది ఆమె మోకాళ్లకి తగిలింది. తుపాకీ నీటి గుంటలో పడింది. హాప్‌గుడ్ కారు దిగేసరికి, కింద పడ్డ ఆమె వీపు మీద మెక్రీడీ మోకాలు ఉంది.

ఆమె సంచిలో డ్రోబెత్ కోసం నింపి పెట్టిన సిరంజి దొరికింది. అసలు సార్జెంట్ కోలెట్ రావెనెల్ ఎప్పుడో సముద్రంలో పోయిందనీ, ఆమె పేరూ సర్వీసూ తొడుక్కుని ఈమె బ్యూరోలోకి వచ్చిందనీ తర్వాత తేలింది. ముఠా నాయకుణ్ణి డ్రోబెత్ ఫొటోలో వేలు పెట్టి చూపించాడు. చూపించాక, చల్లారిపోయిన బిస్కెట్లు అడిగి మరీ తిన్నాడట.

సంకెళ్లు వేస్తున్నప్పుడు ఆమె హాప్‌గుడ్‌ని ఒక్క మాటే అడిగింది, ఎలా తెలిసిందని.

"మీరు కారుని నాలా పెట్టారు," అన్నాడు అతను.

మెక్రీడీ డంప్‌స్టర్ చుట్టూ తిరిగాడు, వంగిన స్తంభాన్ని చేత్తో తట్టాడు, రెండు బంపర్లనూ వంగి పరీక్షించాడు. హాప్‌గుడ్ తడి మెట్ల మీద కూర్చుని యాక్రన్ బస్సు గురించి ఆలోచిస్తున్నాడు.

"మూడో టెస్టు అయిపోయింది," అన్నాడు మెక్రీడీ. "నా సర్వీసులో ఇంత ఘోరమైన రివర్స్ చూడలేదు. పాస్."

పుట్టినరోజుకి ముందురోజు సాయంత్రం వికరీ బ్యాడ్జి చేతిలో పెట్టింది, దాంతోపాటు మొదటి పనీ అప్పజెప్పింది. ఏజెంట్లందరికీ కారు ముక్కు గోడకి పెట్టి ఆపడం నేర్పాలి. మొదటి బ్యాచ్‌లో ఆ టెస్టు రెండుసార్లు తప్పినవాడు ఒక్కడే, ఓటిస్ మెక్రీడీ. హాప్‌గుడ్ వానలో నడిచి వెళ్లి, కిటికీ మీద వేలితో కొట్టి, మూడో అవకాశం లేదని చాలా మర్యాదగా చెప్పాడు.