బండ మీద తిరిగిన చుక్క

టెస్ నాకు మొదటిసారి కనిపించినప్పుడు నా దారికి అడ్డంగా సైకిల్ తోసుకుంటూ పైకి వస్తోంది. మా హెరన్ క్రీక్ కొండ మీద సైకిళ్లు దిగే దారిలో ఎదురు నడవకూడదని పసిపిల్లలకు కూడా తెలుసు.

బ్రేకులు నొక్కాను. వెనక చక్రం జారి, పక్కన పొదలో బోర్లా పడ్డాను. నా చేతి వాచీ మాత్రం తాపీగా, "మీ వేగం తగ్గింది" అని చెప్పింది.

"మీ వల్ల నా టైమంతా పాడైందండీ," అన్నాను నోట్లోంచి ఆకు తీసుకుంటూ.

"దెబ్బ తగిలిందా అని అడగబోయాను. మీ ఏడుపు వేరే అన్నమాట," అంది.

నాకు ఒళ్లు మండింది. ఊరుకుంటానా? ఈ దారిలో ఊరందరికన్నా తక్కువ టైము నాదేనని, నేను తొక్కే ప్రతి గజం వాచీలో నమోదవుతుందని, ఎక్కడున్నా ఫోన్లో చుక్కగా కనిపిస్తానని, జనం వేలంవెర్రిగా చూస్తారని చెప్పాను. నిజానికి చూసేది మా అమ్మ డొరీన్ ఒక్కతే. వంటింట్లో ఫోన్ ఆనించిపెట్టుకుని, ఉల్లిపాయలు తరుగుతూ నా చుక్కని చూస్తుంది.

టెస్ అంతా విని, ముందున్న నల్లబండ చూపించింది. ఇంటి కప్పంత వాలు, చివర నడుమెత్తు నుంచి నేల మీదికి దూకాలి. దీన్నెలా దిగుతారని అడిగింది.

దిగను. అక్కడ సైకిల్ భుజానికెత్తుకుని పక్కదారిన పరిగెత్తుతాను. ఆ సంగతి చెప్పక తప్పలేదు.

"ఓహో. ఊళ్లో అందరికన్నా వేగంగా సైకిల్ మోసేది మీరన్నమాట."

ఆమె మధ్యాహ్నం నుంచీ ఆ బండ ఒక్కటే దిగుతోందట. దిగడం, తోసుకుంటూ పైకి రావడం, మళ్లీ దిగడం. దూరం కొలవదు, టైము చూడదు. పాపం, పిచ్చిదేమో అనుకున్నాను. అంతలో ఆమె మళ్లీ దిగింది. సైకిల్ నీళ్లలా జారి, చప్పుడు కాకుండా నేలనంటింది. కింద ఆగి, హెల్మెట్ అంచు కింద నుంచి నా వైపు ఒక్క చూపు చూసింది. నా గుండె వేగం ఎక్కువైందని, కాసేపు కూర్చోమని వాచీ సలహా ఇచ్చింది.

కూర్చోలేదు. నేర్పుతారా అని అడిగాను. నేర్పుతుందట, కానీ ఒక్క షరతు. వాచీ ఆపేసి రావాలి. అది పక్కన కూస్తుంటే తనకు చిరాకట. అలాగేనని మాటిచ్చాను.

శనివారం వాచీని మేజోట్లో దాచుకుని వెళ్లాను. దాని గొంతు నొక్కేశాను గానీ ఆపలేదు. నమోదు కాని సవారీని సవారీ అని ఎలా అంటారు చెప్పండి?

సన్నగా వాన. బండ మీద సగం దాకా దిగడం, ఆగడం, పైకి తోసుకు రావడం. పడ్డప్పుడల్లా టెస్ నవ్వింది. నవ్వినప్పుడల్లా నేను పడ్డాను. "మీరు" పోయి "నువ్వు" వచ్చింది. వేరుశనగ ముద్ద రాసిన రొట్టె చెరిసగం తిన్నాం. ఇంత హాయి నా జన్మలో ఎరగను. ఆ మాటే చెబుదామని నోరు తెరిచాను.

ఈలలు వినిపించాయి.

చెట్లలోంచి ఎర్ర కోట్ల వాళ్లు స్ట్రెచర్, తాళ్లు, ఒక కుక్కతో బిలబిలమంటూ వచ్చారు. మా ఊరి కొండ రక్షకదళం. ముందు మా అమ్మ. ఆ దళంలో తనూ వాలంటీరే.

"ఎలుగుబంటి ఎక్కడ్రా గ్రిఫ్?" అంది.

విషయమేమిటంటే, నా చుక్క మధ్యాహ్నమంతా ఒకే బండ దగ్గర పైకీ కిందికీ తిరిగింది. పుట్టి బుద్ధెరిగాక ఒకే పూటలో తొక్కిన చోటే మళ్లీ తొక్కని కొడుకు. కాబట్టి వాణ్ణి ఎలుగుబంటి బండ చుట్టూ తరుముతోందని అమ్మ తేల్చేసింది. దళమంతా ఒప్పుకుంది. ఈపాటికి ఎలుగుబంటి అలిసిపోయి ఉంటుంది, వెళ్లడానికి ఇదే అదను అని కూడా అనుకున్నారట.

టెస్ నవ్వలేదు. ఉబ్బిన నా మేజోడు వైపు చూసింది.

"చుక్క ఎలా కనిపించిందండీ మీ అమ్మగారికి?"

ఆ "అండీ" నా గుండెలో గుచ్చుకుంది. ఆమె సైకిల్ తిప్పుకుని నడక మొదలుపెట్టింది.

"టెస్, ఆగు. మాట తప్పాను, తప్పే. నీతో గడిపిన ఈ పూట ఎక్కడా నమోదు కాకపోతే లేకుండా పోతుందేమోనని భయమేసింది. నువ్వంటే నాకు చాలా ఇష్టం."

దళం వాళ్లు స్ట్రెచర్ దించి దాని మీదే కూర్చున్నారు. కుక్క కూడా కూర్చుంది. నేను వాచీ తీసి, ఆ సవారీ తుడిచేసి, పూర్తిగా ఆపేసి అమ్మ చేతిలో పెట్టాను. తర్వాత సైకిలెక్కి, మొదటిసారి ఆగకుండా బండ దిగాను.

దిగాను కానీ చక్రాలు నేలనంటలేదు. సైకిల్ ఒక వైపు, నేను ఒక వైపు. దళంలో ఆనందం చూడాలి, చివరికి మోయడానికి ఒకడు దొరికాడు. మోకాలు బెణికిందని తేల్చి, స్ట్రెచర్‌కి కట్టేశారు.

టెస్ వెనక్కి వచ్చింది. తిడుతుందనుకున్నాను. నా చెయ్యి పట్టుకుంది.

"సగం దాకా బాగానే దిగావు. మిగతా సగం మళ్లీ మళ్లీ చేద్దాంలే," అంది.

అమ్మ మాత్రం ఆగిపోయిన వాచీని అటూ ఇటూ తిప్పి చూసుకుంటోంది. "ఇది లేకపోతే నువ్వెక్కడున్నావో నాకెలా తెలుస్తుందిరా?"

"నాకు ఫోన్ చెయ్యండి ఆంటీ," అంది టెస్. "నా దగ్గరే ఉంటాడు."

అమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. వాచీని జేబులో పడేసి, అప్పటికప్పుడే టెస్ నంబరు అడిగి తీసుకుంది.