నీలిపోగు ముడి

ఓటింగ్ మిషన్లు దాచిన పాత పత్తి గోదాముకు పోలీసుల కాపలా ఉంది. పోలీసుల మీద నమ్మకం లేక పార్టీల మనుషులు ఎదురుగా షామియానా వేసుకున్నారు. ఆ మనుషుల మీద కూడా నమ్మకం లేక నేతకార్మికుల అభ్యర్థి తరఫున అంబదాస్ వచ్చి కూర్చున్నాడు. అనుమానంలో అంబదాసును మించినవాడు లక్సెట్టిపేట చుట్టుపక్కల లేడు. బజారులో బెండకాయ కొన్నా తుంచి చూడనిదే సంచిలో వెయ్యడు.

గోదాము కిటికీలను ఇటుకలతో మూసేశారు. లోపల కరెంటు తీసేశారు. తాళం మీద అధికారి లక్క ముద్ర వేశాడు, పార్టీలవాళ్లు తమ తమ సంతకాల కాగితాలు అంటించారు. అంబదాస్ మాత్రం తన మరమగ్గం మీది నీలి నూలుపోగు తెచ్చి తాళానికి చుట్టి, నేతోళ్ల ముడి వేశాడు. దాన్ని ఎవరైనా విప్పితే మళ్లీ అచ్చం అలాగే వేయడం ఇంకొకరి తరం కాదని అతని ధీమా.

తలుపు మూసిన రోజు తొందరపెట్టింది కూడా అతనే. "పెట్టెలు లెక్క సరిపోయినయి గదా? ఇంకేంది, మూయిండ్రి! లెక్కింపు దాక దేవుడొచ్చి అడిగినా తియ్యద్దు" అని నలుగురూ వినేలా అరిచాడు. పెట్టెలను అందరూ ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టారు. వాటిని మోసిన హమాలీలను ఎవరూ లెక్కపెట్టలేదు.

ఆ హమాలీల్లో అంబదాస్ తమ్ముడు దేవదాస్ ఉన్నాడు. మగ్గంలో పడి కుడి బొటనవేలు సగం పోయాక నేత మాని మూటలు మోస్తున్నాడు. ఆ రోజు నుంచి ఇంటికి రాలేదు, ఫోన్ ఎత్తలేదు. కానీ దేవదాస్ తాగితే వారం పది రోజులు తిరిగి తిరిగి ఇల్లు చేరే మనిషి. అందుకే ఎవరూ పరేషాన్ కాలేదు.

నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం. ఆ ఎండకు కాకులు కూడా నోరు మూసుకున్నాయి. పార్టీలవాళ్లు అన్నానికి వెళ్లారు. హెడ్ కానిస్టేబుల్ లక్ష్మీరాజం కుర్చీలో కునుకుతున్నాడు. కరిగిన లక్క వాసన, పాతపత్తి మక్కిన వాసన కలిసి వడగాలితో వస్తున్నాయి. అంబదాస్ నోట్లో నీళ్లు పోసుకోబోయాడు.

లోపల బీప్ మోగింది.

ఓటు పడ్డప్పుడు మోగే ఆ పొడవాటి చప్పుడే. ఆపేసి పెట్టెల్లో పెట్టిన మిషన్లు... మనిషి లేని గదిలో...

అంబదాస్ లేచి, దాటకూడదని గీసిన సున్నం గీత దాకా వెళ్లాడు. చెవులు రిక్కించాడు.

"అన్నా..."

అది దేవదాస్ గొంతు.

"అన్నా... దూప అయితుంది... నీళ్లు..."

"రాజం సార్! లోపట మా దేవదాస్ ఉన్నడు! తాళం తియ్యిండ్రి సార్, మీ కాళ్లు మొక్కుత!"

లక్ష్మీరాజం ఉలిక్కిపడి లేచాడు. గీత దాటి వెళ్లి, తలుపుకు చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. "ఏం ఇనవడుత లేదు అంబదాస్. నీకు ఎండదెబ్బ తాకినట్టుంది."

మళ్లీ పిలుపు. మరింత నీరసంగా. అది అంబదాసుకు తప్ప ఎవరికీ వినిపించడం లేదు. కబురు పంపితే అధికారి వచ్చాడు, అతనికీ వినిపించలేదు. అన్నం తిని తిరిగొచ్చిన అవతలి పార్టీ కరుణాకర్ పళ్లికిలించాడు. "ఓడిపోతమని తెల్వంగనె తమ్మున్ని అడ్డం వెట్టుకొని మిషన్లు మారుస్తవా, అంబదాసన్నా?"

"తలుపు తీయాలంటే అందరూ ఒప్పుకోవాలి, పైనుంచి ఆర్డర్ రావాలి. దేవుడు అడిగినా తీయొద్దన్నది నువ్వే కదా" అన్నాడు అధికారి.

అంబదాస్ తలుపు వైపు ఉరికాడు. గీత దాటబోతే జవాను తుపాకీ అడ్డం పెట్టాడు. చివరికి సీసాలోని నీళ్లన్నీ గీత దగ్గర పోశాడు, తలుపు సందు దాకా పారుతాయేమోనని. నీళ్లు సగం దూరం పోయి ఇంకిపోయాయి. ఆ తడి ఆరేదాకా చూసి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అప్పుడు జేబులో ఫోన్ మోగింది. దేవదాస్!

"అన్నా, భీవండిల ఉన్న. మూటలు మోస్తున్న. ఫికర్ చెయ్యకు."

వెనుక ఆ మహారాష్ట్ర ఊరి మగ్గాల టకటకలు వినిపిస్తున్నాయి. అంబదాసుకు పోయిన ప్రాణం లేచొచ్చింది. తమ్ముణ్ణి నోరారా తిట్టి, అందరికీ చెప్పి, అందరిచేతా నవ్వించుకున్నాడు.

మరునాడు అదే వేళకు మళ్లీ బీప్. "అన్నా... దూప..."

భీవండికి ఫోన్ చేశాడు. ఎవరూ ఎత్తలేదు. చెవుల్లో దూది కుక్కుకున్నాడు. ఆ గొంతు దూదిలోంచి కూడా వచ్చింది. తమ్ముడు భీవండిలో ఉన్నాడు, ఉన్నాడు, ఉన్నాడు... అని తనకు తానే చెప్పుకుంటూ గుండె రాయి చేసుకున్నాడు. రోజురోజుకూ ఆ పిలుపు సన్నబడింది. ఒకరోజు ఆగిపోయింది.

లెక్కింపు రోజు అంబదాస్ ముడి చెక్కుచెదరకుండా ఉంది. తన చేత్తోనే కోశాడు. తలుపు తెరవగానే పొయ్యిలోంచి వచ్చినట్టు వేడి కొట్టింది. అందరికంటే ముందు లోపలికి దూరి మూలమూలలూ వెతికాడు. పెట్టెలున్నాయి. మనిషి లేడు. అతని అభ్యర్థి ఓడిపోయాడని పక్కగదిలోంచి కబురొచ్చినా అతనికి హాయిగానే ఉంది.

సాయంత్రం మిషన్లను మళ్లీ అదే గోదాములో పెట్టారు. లెక్కింపు అయ్యాక కూడా కొన్నాళ్లు సీలు వేసి ఉంచాలట. అంబదాస్ ఈసారి హమాలీలను లెక్కపెట్టాడు. ఎంతమంది లోపలికి వెళ్లారో అంతమందీ బయటికి వచ్చారు. తలుపు రెక్కలు దగ్గరికి లాగుతుంటే అతని చూపు వాటి లోపలివైపు పడింది.

అక్కడి కొండికి నీలి నూలుపోగు చుట్టి ఉంది. నేతోళ్ల ముడి. కానీ ఎడమవైపుకు తిరిగిన ముడి... వేలు పోయిన నాటి నుంచి దేవదాస్ ఒక్కడే అలా వేస్తాడు.

చేత్తో తాకాడు. పోగు తడిగా ఉంది.

"ఇగో, గీ ముడి..." అని అంబదాస్ అనేలోపే రెక్కలు కలిసిపోయాయి. "కానీ అంబదాస్, నీ ముడి కూడా వెయ్యి. చీకటి పడుతోంది" అన్నాడు అధికారి.

జేబులో ఫోన్ మోగింది. దేవదాస్.

ఈసారి మగ్గాల చప్పుడు లేదు. బీప్ ఒక్కటే, సన్నగా, ఆగకుండా...

"అన్నా..." గుసగుసగా వచ్చింది గొంతు. "మళ్ల మూస్తున్నరా?"

"ఆగుండ్రి!" అని అరవబోయాడు అంబదాస్.

తాళం పడింది. ఆ చప్పుడు అతనికి రెండుసార్లు వినిపించింది. ఒకటి కళ్లముందు. ఒకటి ఫోన్‌లో.