దివాన్ కింద సిగ్గులమ్మ

తృప్తి వాళ్ల ఇంట్లో పెళ్లిచూపులంటే ముందుగా చేయాల్సిన పని స్వీట్లు తేవడం కాదు. దావత్‌ని కట్టెయ్యడం.

దావత్ ఒక కుక్క. మేడ్చల్ ఫంక్షన్ హాల్ వెనకాల, ఎంగిలి విస్తళ్ల మధ్య బిర్యానీ బొక్కలు నములుతూ దొరికాడు కాబట్టి ఆ పేరు పెట్టారు. వాడి దృష్టిలో లోకంలో కొత్తవాళ్లంటూ ఎవరూ లేరు. గేటు చప్పుడైతే చాలు, కరెంటు బిల్లు కొట్టేవాడి భుజాల మీద కూడా కాళ్లు వేసి మూతి నాకేస్తాడు. ఇంతకుముందు వచ్చిన పెళ్లికొడుకు ఒకాయన సోఫా ఎక్కి నిలబడి, దిగనంటే దిగనన్నాడు.

రెండో కుక్క సిగ్గులమ్మ. తృప్తి జీనోమ్ వ్యాలీలో ల్యాబ్ ఉద్యోగం చేస్తుంది. ఒక సాయంత్రం స్కూటీ మీద ఇంటికొస్తుంటే శామీర్‌పేట చెరువు కట్ట మీద, మెడకు తెగిన తాడుతో, బక్కచిక్కి వణుకుతూ కనబడింది. చున్నీలో చుట్టి తెచ్చింది. ఆ రోజు నుంచి హాల్లో దివాన్ కిందే దాని కాపురం. ఇంటి మనుషులు తప్ప ఎవరొచ్చినా ముక్కు కూడా బయట పెట్టదు. ఆ పేరు పెట్టింది తృప్తి అవ్వ శివమ్మ. తల్లి లేని తృప్తిని పెంచిందీ ఆమే.

"నేను పోతే నాతోని ఇవి రెండు వస్తయ్. ఇష్టమున్నోళ్లే రావాలె" అని తృప్తి ఎప్పుడో తేల్చి చెప్పింది.

"నీకు మొగన్ని సూడాల్నా, కుక్కలకు ఇల్లు సూడాల్నా బిడ్డా?" అంది అవ్వ.

"రెండు ఒకటే గదా అవ్వా."

ఈసారి అల్వాల్ నుంచి సంబంధం. అబ్బాయి పేరు దీక్షిత్. అమ్మానాన్నలతో కార్లోంచి దిగుతుండగానే చినుకులు మొదలయ్యాయి. దావత్‌ని పైన మేడ గదిలో పెట్టి గొళ్లెం వేశారు. అవ్వ పాత చెప్పు ఒకటి కూడా లంచంగా వేశారు. సిగ్గులమ్మ సంగతి ఎవరికీ పట్టలేదు. దివాన్ కింద ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

తృప్తి టీ ట్రే పట్టుకొని హాల్లోకి వచ్చింది. దీక్షిత్ తలెత్తి చూశాడు. బాగానే ఉన్నాడు. కళ్లలో ఎక్కడో నవ్వు దాచుకున్నట్టున్నాడు. తృప్తికి చప్పున చూపు తిప్పుకోవాలనిపించింది కానీ, తిప్పుకోలేదు.

సరిగ్గా అప్పుడే మెట్ల మీద దడదడా చప్పుడైంది.

"అయ్యో, గొళ్లెం!" అన్నాడు తృప్తి నాయిన.

దావత్ వచ్చాడు. ట్రే కింద నుంచి దూరి, టీపాయ్ మీది సకినాల పళ్లెంలో మూతి పెట్టి, అదే మూతితో దీక్షిత్ తెల్ల చొక్కా మీదికి ఎగిరాడు. దీక్షిత్ వాళ్ల నాన్న రవీందర్ కాళ్లు పైకి ముడుచుకున్నాడు. తల్లి "అవ్వో!" అంది.

దీక్షిత్ మాత్రం నవ్వేశాడు. "ఏంది సార్, జల్దీలో ఉన్నవ్?" అంటూ వాడి చెవుల వెనక గోకాడు. దావత్ అంతటివాడు అక్కడే కూలబడ్డాడు.

'ఈయన పాసైండు' అనుకుంది తృప్తి. సంతోషం దాచుకోవడానికి టీ కప్పులు సర్దుతున్నట్టు నటించింది.

ఆ సంతోషం పట్టుమని నిమిషం నిలవలేదు. దివాన్ కింద నుంచి ఒక ముక్కు బయటికొచ్చింది.

అవ్వ నోట్లో సకినం నోట్లోనే ఉండిపోయింది. సిగ్గులమ్మ పొట్టను నేలకు రాసుకుంటూ పూర్తిగా బయటికి వచ్చింది. ఇంతమంది కొత్తవాళ్ల మధ్యకి! దీక్షిత్ పాదాలు వాసన చూసింది. ఇన్నాళ్లూ ఆ ఇంట్లో ఎవరూ వినని గొంతుతో ఒక్కసారి ఏడ్చింది. ఎగిరి అతని ఒళ్లో పడి, ఆ సంబరంలో కొత్త ప్యాంటంతా తడిపేసింది.

"జిలేబీ?" అన్నాడు దీక్షిత్. "జిలేబీ, నువ్వానె?"

పెళ్లిచూపులకొచ్చిన పిల్లాడు కుక్కను కావలించుకొని అందరి ముందూ ఏడుస్తున్నాడు.

తృప్తి చేతిలోంచి కప్పు జారి పగిలింది. ఎవరూ అటు చూడలేదు.

"ఇది మీ కుక్కనా?" అని అడిగింది.

"అవ్ అండీ! నాదే. మీకెక్కడ దొర్కింది?"

"శామీర్‌పేట చెరువు కాడ. మెడకు తాడుతోని." ఆమె ఒక్కో మాటా నొక్కి పలికింది. "అంటే కట్టేసి ఇడిసిపెట్టి పోయింది మీరేనా?"

దీక్షిత్ తల ఎత్తాడు. చెంప మీద కొట్టినట్టయింది అతనికి. "నేనా? ఇడిసిపెట్టుడా? మా కొత్త ఫ్లాట్ గృహప్రవేశం నాడు తప్పిపోయింది. లిఫ్ట్‌ల నుంచి ఆవు దిగంగనే భయపడి ఉరికింది."

"లిఫ్ట్‌ల ఆవా?" అంది అవ్వ.

"థర్డ్ ఫ్లోర్ అవ్వా. మెట్లెక్కనన్నది."

తృప్తికి నవ్వు రాలేదు. "అల్వాల్‌ల ఉరికిన కుక్క శామీర్‌పేట చెరువు కాడ ఎట్ల తేలింది? ఇది గీ దివాన్ కింద నుంచి వంటింట్లకు వచ్చేటందుకే భయపడ్తది. రాజీవ్ రహదారి ఎక్కి లారీల నడుమ నడిచొచ్చిందా? లేకపోతే బస్సెక్కిందా?"

"ఎట్ల తేలిందో నాకు గూడ తెల్వదండీ," అన్నాడు దీక్షిత్. ఆ మాటే తృప్తిని భయపెట్టింది. ఇతను అబద్ధం చెప్తున్నాడంటే, ఇప్పుడే నచ్చిన మనిషి ఇంత ఘోరం చేశాడని అర్థం. నిజం చెప్తున్నాడంటే సిగ్గులమ్మ ఇతనిది. లేచి తీసుకుపోతానంటే ఆపే హక్కు ఆమెకు లేదు. ఎటు చూసినా పోయేది తనకే.

"వాని తప్పు లేదు బిడ్డా," అన్నాడు రవీందర్.

అందరూ ఆయన వైపు తిరిగారు. కాళ్లింకా పైనే ముడుచుకొని ఉన్నాడు. నెమ్మదిగా కిందికి దించాడు.

"అది ఉరకలే. నేనే అట్ల చెప్పిన. మేడ మీద కట్టేసిన తాడు ఊడబీక్కొని మెట్లు దిగొచ్చింది. లిఫ్ట్ తలుపు తెరిచేటాళ్లకు, ఆవు కన్న ముందు ఇదే గడప దాటి దేవుని పటం ముందట పోయి కూసుంది. మా పెద్దక్క నెత్తి కొట్టుకున్నది. ఆవు కన్న ముందు కుక్క అడుగు వెట్టింది, గీ ఇల్లు మీకు అచ్చిరాదు అన్నది. చుట్టాలందరు నా మొకమే చూస్తున్నరు. నాకేం తోచలే."

"నాయినా..." అన్నాడు దీక్షిత్.

"నువ్వు పంతులు కోసం కిందికి పోయినవ్. ఆవును దెచ్చిన టాటా ఏస్ రిటన్ శామీర్‌పేట డెయిరీకి పోతుండె. దీన్ని దాంట్లనే ఎక్కిచ్చిన. గడబిడ సల్లబడ్డంక తెచ్చుకుందామనుకున్న. పోయి చూస్తే తాడు తెంపుకొని పోయిందన్నరు. చెరువు కట్ట పొంటి మస్తు దేవులాడిన. దొర్కలే."

"నాకు గూడ చెప్పలే!" అంది దీక్షిత్ తల్లి. ఆమె చెయ్యి నోటి మీదే ఉంది.

దీక్షిత్ జిలేబీని మెల్లగా నేల మీద పెట్టాడు. వానలోకి నడిచి గేటు దగ్గర నిలబడ్డాడు.

తృప్తి తన నాయినను చూసింది. ఆయన అవ్వను చూశాడు. అవ్వ గడ్డంతో గేటు వైపు చూపించింది.

తృప్తి గొడుగు తీసుకొని బయటికెళ్లింది. "లోపలికి రాండి. తడుస్తున్నరు."

"ప్యాంటు లోపల్నే తడిసింది గదండీ."

తృప్తికి నవ్వొచ్చింది. ఇట్లాంటప్పుడు నవ్వొచ్చినందుకు తన మీద తనకే కోపమొచ్చింది. గొడుగు అతని వైపు జరిపింది.

"అల్వాల్ అంత పోస్టర్లు అంటిచ్చిన," అన్నాడు. "బొల్లారం స్టేషన్ దాక పోయిన. గోడ మీద నేను అంటిస్తుంటే పక్కన గమ్ డబ్బ పట్టుకొని ఎవలున్నరో తెల్సా? మా నాయిన."

తృప్తికి ఒళ్లు జలదరించింది. తర్వాత ఎందుకో ఆ పెద్దాయన మీద జాలి కూడా కలిగింది. ఆ డబ్బా పట్టుకొని ఆయన ఏం ఆలోచించి ఉంటాడు?

"మీ మీద నిందేసిన. సారీ."

"మీ ప్లేస్‌ల నేనుంటే కొడ్తుంటి."

"కొట్టాల్ననే అనిపిచ్చింది."

అతను మొదటిసారి ఆమెను సరిగ్గా చూశాడు. గొడుగు చిన్నది. ఇద్దరి భుజాలూ తడుస్తున్నాయి. ఎవరూ జరగలేదు.

అడగాల్సింది ఇంకా మిగిలే ఉంది. అడగకుండా ఉంటే బాగుండనిపించింది. అయినా అడిగింది. "దాన్ని తీస్కపోతరా?"

దీక్షిత్ కిటికీలోంచి లోపలికి చూశాడు. హాలు మధ్యలో సిగ్గులమ్మ దిక్కులు చూస్తూ వణుకుతోంది. దావత్ సకినాలు వదిలేసి వచ్చి దాని పక్కన ధబ్బున పడుకున్నాడు. అది తల తీసుకెళ్లి వాడి పొట్ట కింద దూర్చింది. వణుకు తగ్గింది.

"తీస్కపోదామనే అనుకున్న," అన్నాడు. "కాని నా దగ్గర అది ఒక్కతే ఉండె. పగలంత నేను ఆఫీస్‌ల, అది బాల్కనీల. ఇక్కడ దానికి వాడున్నడు. మీరున్నరు. ఇడగొట్టలేనండీ. ఉండనీయండి." గొడుగు కర్ర తను అందుకొని ఆమె వైపు జరిపాడు. "ఆదివారాలు వచ్చి చూసిపోత. మీరు ఒప్పుకుంటెనే."

ఆమె దగ్గర్నుంచి దాన్ని తీసుకోగల ఒకే ఒక్క మనిషి, వద్దంటున్నాడు. తృప్తి కళ్లు నిండిపోయాయి. ఈ మనిషిని వదులుకుంటే తనంత పిచ్చిది ఇంకొకతి ఉండదని ఆ క్షణంలోనే తెలిసిపోయింది.

"ఒట్టి కుక్క కోసమేనా ఆదివారాలు?"

"పెళ్లి సంగతి అడిగితే గొడుగు గుంజుకుంటరేమోనని..."

"అడిగి చూడొచ్చు గదా," అని ఆమె లోపలికి నడిచింది. గొడుగు అతని చేతిలోనే వదిలేసింది.

హాల్లో రవీందర్ లేచి నిలబడ్డాడు. చేతులు జోడించి తృప్తి నాయినతో అంటున్నాడు. "ఇగ మేం పోయొస్తం. మీ జవాబు ఫోన్ల చెప్పున్రి. ఏది చెప్పినా సరే, మా తప్పు మాకు తెల్సు."

ఏ పెళ్లిచూపులైనా అంతే. మాట ఇంటికి పోయాక, పెద్దల నోటి నుంచి రావాలి.

"ఫోనెందుకు? ఇప్పుడే చెప్త," అంది తృప్తి.

"తృప్తీ!" అన్నాడు నాయిన.

"సెప్పనియ్ రా," అంది అవ్వ.

తృప్తి రవీందర్ ఎదురుగా నిలబడింది. "నేను మీ ఇంట్ల అడుగు పెట్టేనాడు నాకన్న ముందు ఇవి రెండు గడప దాటాలె. చాటుకు కాదు. మీ పెద్దక్క ఎదురుంగ, చుట్టాలందరి ఎదురుంగ. మీరే చేతుల పట్టుకొని తోలుకపోవాలె, మామా."

మామా! అవ్వ చప్పట్లు కొట్టినంత పని చేసింది. తృప్తి నాయిన సోఫాలో కూలబడ్డాడు. గుమ్మంలో దీక్షిత్, గొడుగు ముయ్యడం మర్చిపోయి అట్లాగే నిలబడ్డాడు.

"మా అక్క లొల్లి చేస్తది బిడ్డా," అన్నాడు రవీందర్.

"చేస్తది."

"చుట్టాలు నవ్వుతరు."

"నవ్వుతరు."

ఆయన సిగ్గులమ్మ వైపు ఒక చెయ్యి చాపాడు. అది ఆ చేతిని చూసి గిర్రున తిరిగి దివాన్ కిందికి దూరిపోయింది.

"గిది నా చేతికి రానే రాదు గదా. ఎట్ల తోలుకపోవాలె?"

"దినాం వచ్చి కూసోవాలె మామా. నాకు గూడ గట్లనే వచ్చింది."

రవీందర్ కండువా తీసి సోఫా మీద పెట్టాడు. కాబోయే వియ్యంకుడి ఎదుట, ఇస్త్రీ చొక్కాతో, నేల మీద బోర్లా పడుకున్నాడు. దివాన్ కింది చీకట్లోకి చూశాడు. దావత్ పరుగున వచ్చి ఆయన చెవి నాకాడు. ఆయన వద్దనలేదు.

రమ్మని పిలవలేదు ఆయన. "తప్పయింది, బిడ్డా," అన్నాడు.

సిగ్గులమ్మ బయటికి రాలేదు. దీక్షిత్ గొడుగు పక్కన పెట్టి వచ్చి తండ్రి పక్కనే నేల మీద కూర్చున్నాడు. టీ ఎప్పుడో చల్లారిపోయింది. అయినా ఎవరూ లేవలేదు.