వెనక గదిలో గట్టి షీటు

"ఇదీ పనికిరాదండి," అన్నాడు గిరిధర్, తెల్లటి షీటు అంచుని గోటితో గిల్లి చూపిస్తూ. "పూసలు రాలిపోతున్నాయి. దీంతో గ్లైడర్ వింగు కోస్తే గాల్లోనే విరుగుతుంది."

"గట్టి షీట్ల లోడు ఇంకా రాలేదండీ. వచ్చే వారం చూడండి," అంది వాసవి, ఏమాత్రం తడబడకుండా.

పచ్చి అబద్ధం. తాడేపల్లిగూడెంలో ఆ థర్మోకోల్ కొట్టు వాళ్ళ నాన్న శ్రీరంగనాయకులు గారిది. కొల్లేటి చేపలకి ఐసు పెట్టెలు, ప్యాకింగుకి షీట్లు అమ్ముతారు. ఆయన ఆ మూల గల్లాపెట్టె దగ్గర లెక్కలు రాసుకుంటున్నారు. సన్నపూస గట్టి షీట్లు ఎప్పుడో దిగి, వెనక గదిలో గోడకి ఆనించి ఉన్నాయి. గణపవరం కాలేజీలో ఫిజిక్సు చెప్పే ఈ గ్లైడర్ల, అదే ఇంజను లేని బొమ్మ విమానాల, పిచ్చాయనకి అవి ఇచ్చేస్తే, రెక్కలు కోసుకుని పోతాడు. మళ్ళీ ఈ గడప ఎందుకు తొక్కుతాడు? అదీ ఆమె బెంగ.

వచ్చినప్పుడల్లా కబుర్లకేం లోటు లేదు. గాలి ఎటు లేస్తుందో, కొల్లేటి గట్టు మీంచి గ్లైడర్ వదిలితే కొంగలు ఎలా తల తిప్పి చూస్తాయో చెబుతాడు. అసలు మాట మాత్రం నోట్లోంచి ఊడిపడదు.

బయట వాన మొదలైంది.

"వచ్చే వారమైతే లాభం లేదండి," అన్నాడు గిరిధర్ నీరసంగా. "ఆదివారం ఎగరేస్తానని మా స్టూడెంట్లకి మాటిచ్చాను. పోనీలెండి, కుదరలేదని చెప్పేస్తాను."

ఆ ముఖం చూడగానే వాసవి ప్రాణం ఉసూరుమంది. విసురుగా లోపలికి వెళ్ళి, గట్టి షీటు తెచ్చి బల్ల మీద పెట్టింది. గిరిధర్ గిల్లి చూశాడు. ఒక్క పూస రాలలేదు.

"లోడు రాలేదన్నారు?"

"అబద్ధం చెప్పానండీ."

"ఎందుకండీ?"

"ఫిజిక్సు చెబుతారుగా, ఆలోచించండి!" అంది. చెవులు వేడెక్కిపోయాయి.

ఆలోచించాడో లేదో గానీ, గిరిధర్ సంచిలోంచి విల్లులాంటి చట్రం తీశాడు. దానికి బిగించిన సన్నటి తీగ కరెంటుకి వేడెక్కి షీటుని కోస్తుంది. షీటుకి చెరో పక్కా రెక్క ఆకారంలో ప్లైవుడ్ ముక్కలు బిగించాడు. వాటి అంచుల వెంట అంకెలు వేసి ఉన్నాయి.

"ఈ విల్లుని మీరో చివర పట్టుకోవాలండి. రెక్క నా వైపు వెడల్పు, మీ వైపు సన్నం. అందుకే నా వైపు దారి ఎక్కువ, మీ వైపు తక్కువ. కాబట్టి మీరు నిదానంగా రావాలి. నేను ఏ అంకె చెబితే ఇద్దరం ఆ అంకె దగ్గరుండాలి. మధ్యలో ఆగితే మాత్రం కరిగి గుంట పడిపోతుంది."

తీగ కదిలింది.

"ఒకటి... రెండు... మూడు..."

వాన చప్పుడులో ఆ గొంతు వింటూ వాసవి తీగని జాగ్రత్తగా జరుపుతోంది.

"ఆరు... ఏడు... మా అమ్మగారిని మీ ఇంటికి పంపించమంటారా?"

వాసవి చెయ్యి ఆగిపోయింది. గుప్పున కమురు వాసన. రెక్కలో వేలు పట్టేంత గుంట.

"అయ్యయ్యో, వింగు పోయిందండీ!"

"పోతే పోయింది," అంది వాసవి. సంతోషం పట్టలేక నవ్వేసింది. "పంపించండి."

గల్లాపెట్టె దగ్గర్నుంచి శ్రీరంగనాయకులు గారు తలెత్తకుండానే అన్నారు. "శనివారం రమ్మనండి బాబూ. ఆదివారం అందరం గట్టు మీదకి పోదాం, ఆ ఎగిరేదేదో నేనూ చూస్తాను. అమ్మాయ్, ఇంకో షీటు తియ్యి. వెనకాల బోలెడు దాచావుగా."

వాసవి సిగ్గుతో తల వంచుకునే వెళ్ళి తెచ్చింది. ఇద్దరూ మళ్ళీ చెరో చివర పట్టుకున్నారు.

"ఈసారి లెక్క మధ్యలో వేరే మాటలు కలపకండి," అంది.

"కలపనండి," అన్నాడు గిరిధర్ బుద్ధిగా. "ఒకటి..."